ఎనిమిది తొనల బంతి

బంతి నేలకు తగిలినప్పుడు పుట్టే చప్పుడును బట్టి అందులో గాలి ఎంత ఉన్నదో అసిరయ్య చెప్పగలడు. అదొక విద్య అని అతడు ఎన్నడూ అనుకోలేదు. సంతలో కుండ కొనే ఆడమనిషి వేలి కణుపుతో కొట్టి పగులు కనిపెడుతుంది కదా, ఇదీ అంతే. విజయనగరంలో కాలేజీవారి బంతులను పదకొండేళ్లుగా కుడుతున్నది అతడే. ఆ పదకొండేళ్లలో ఒక్క ఆటనైనా అతడు కంటితో చూడలేదు. చూడవద్దని ఎవరూ అనలేదు. చెప్పులు కుట్టేవాడు గోడ లోపలికి వస్తాడన్న ఊహే ఎవరికీ కలగలేదు కనుక, వద్దనవలసిన పని కూడా ఎవరికీ పడలేదు.

మైదానానికి పడమట, నిలువెత్తుకు జానెడు ఎక్కువగా ఒక గోడ ఉంది. గోడకు ఇవతల రోడ్డు, రోడ్డు పక్కన నిద్రగన్నేరు చెట్టు, చెట్టు కింద అసిరయ్య పెట్టె. గోడకు అవతల విరిగిన ఇటుకల గుట్ట. మైదానంలో సున్నపు గీతలు గీసి, బుట్టలకు వలలు కట్టే సోములు ఆ గుట్ట ఎక్కి, కుట్టవలసిన బంతిని గోడ మీద ఒక పలకరాయిపై పెడతాడు. "ఒరే అసిరయ్యా!" అని కేక వేస్తాడు. అసిరయ్య చెయ్యి చాపి అందుకుంటాడు. కుట్టడం అయ్యాక అతడు రాయి మీద పెడితే సోములు తీసుకుంటాడు. రాయి మధ్యన ఉన్నంతకాలం ఒకరి చెయ్యి ఒకరికి తగలదు. ఆ తరువాత అదే బంతిని పదిమంది కుర్రాళ్లు గుండెకు హత్తుకుంటారు. దానికోసం ఒకరి మీద ఒకరు పడతారు. అందుకు మాత్రం ఏ ఇంటివారికీ అభ్యంతరం లేదు.

యుద్ధం మొదలై నాలుగేళ్లు దాటిన ఆ డిసెంబరులో కాలేజీల మధ్య బాస్కెట్‌బాల్ పోటీ ఆ మైదానానికి వచ్చింది. బుధవారం మొదటి ఆట. ఎదుటి జట్టు బరంపురం నుంచి వచ్చింది. అసిరయ్య చెట్టు కింద ఒక పాత బూటుకు అట్ట వేస్తూ గోడ వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. సోములు ఇటుకల గుట్ట మీద నిలబడ్డాడు. గోడ పైన అతని తల, మెడలోని ఎర్ర తువ్వాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఇది నాకౌటంట, ఎరికేనేటి?" అన్నాడు సోములు కిందికి చూస్తూ. "ఒక్కపాలి ఓడినోడు మూటాముల్లె సర్దుకుని రైలెక్కీడమే. రెండోపాలి నేదు."

"మరైతే ఓడినోడు తప్పు దిద్దుకోడం ఎప్పుడు బాబూ?"

"వచ్చే ఏడు. అప్పటికి ఆడు పరీచ్చ పాసయిపోయి కాలేజీలోనే ఉండడు."

అసిరయ్య నవ్వి మళ్లీ చెవి గోడకు అప్పగించాడు. బంతి నేలకు తగులుతున్న చప్పుడు నిండుగా, గట్టిగా ఉంది. తరువాత బుట్ట వెనుక చెక్క మీద దభీమన్న మోత. తరువాత జనం అరుపు. ఈ ధ్వనుల నడుమ అప్పుడప్పుడు ఒక ఖాళీ వచ్చేది. నేల చప్పుడు ఉండదు, చెక్క మోత ఉండదు, మైదానమంతా ఊపిరి బిగబట్టినట్లుండేది. ఆ ఖాళీ ఏమిటో పదకొండేళ్లుగా అతనికి అంతుపట్టలేదు. ఎవరో కుర్రాడు కింద పడి దెబ్బ తగిలించుకుని ఉంటాడని, అందరూ అటు చూస్తున్నారని అనుకునేవాడు.

మలయా జపాను వశమైన నాటినుంచి రబ్బరుకు కరవు వచ్చింది. కాలేజీకి ఉన్న మూడు బంతులలో రెండింటి బ్లాడర్లు చివికిపోయాయి. మూడవది అసిరయ్య చేతి చలవతో బతుకుతోంది. బత్తాయి పండు తొనల్లాగా ఎనిమిది తోలు తొనలు, ఒక తొన అంచున చీలిక, చీలికలోంచి లోపలికి దూర్చిన బ్లాడరు, చీలికను మూస్తూ తోలుతాడు బిగింపు. ఎనిమిదింటిలో మూడు తొనలు బంతితో పుట్టినవి కావు. అసిరయ్య కోసి కలిపినవి. బ్లాడరుకు అయిదుచోట్ల సైకిలు ట్యూబు ముక్కలు అతికించి ఉన్నాయి. రాజమండ్రి జట్టు తమ బంతిని వెంట తెచ్చుకుంది గాని, మొదటి పూట సాధనలోనే దాని బ్లాడరు బద్దలైంది. కాబట్టి నాలుగు ఊళ్ల జట్లన్నిటికీ మిగిలినది ఈ ఒక్క బంతే.

బుధవారం బరంపురం వారు రైలెక్కారు. గురువారం పర్లాకిమిడి వారు ఎక్కారు. ఆ సాయంకాలం ఫిజికల్ డైరెక్టరు రంగనాథంగారే బంతిని పట్టుకుని రోడ్డుమీదుగా చెట్టు దగ్గరకు వచ్చారు. ఆయన మద్రాసులో వ్యాయామ విద్య చదివిన మనిషి. ఆ కాలేజీలో బంతిని అసిరయ్య చేతికి అందించేది ఆయన ఒక్కరే. ఆయన దానిని గొప్పగా చేయలేదు. బరువు మోస్తున్నవాడు ఆ బరువును ఎవరికి చెందాలో వారికి ఇచ్చినట్లు ఇచ్చేవారు.

"చీలిక పక్క కుట్టు వదులైంది, చూడు" అన్నారు.

అసిరయ్య బొటనవేలితో నొక్కి చూశాడు. "ఔను బాబూ. నాలుగంగుళాలు విప్పి మళ్లీ కుట్టాల."

"అసిరయ్యా, ప్రిన్సిపాలుగారు మద్రాసు కంపెనీకి ఉత్తరం రాస్తామంటున్నారు. ఫైనల్ నడుమ బంతి చెడిపోతే పదిమందిలో పరువు పోతుందట. వచ్చే ఏటి నుంచి బంతులూ, ప్యాడ్లూ, బూట్లూ అన్నీ వాళ్లకే ఇస్తామన్నారు. శనివారం ఫైనల్ దాకా ఆగండి, చూసి రాయండి అన్నాను."

"సూసి?"

"కుట్టు విడిపోతే నా మాట పోతుంది. నీ పని పోతుంది. ఉన్న సంగతి చెబుతున్నాను."

అసిరయ్య బంతిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మీటాడు. కాలేజీ పని పోతే మిగిలేవి రోడ్డున పోయేవారి తెగిన చెప్పులే. బంతి కుట్టిన చేతికి అవి మళ్లీ అలవాటు కావలసిందే. "దేవుడి దయుంటే కుట్టు పోదు బాబూ" అన్నాడు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకు. ఆయనకు కుట్టుపని వచ్చునో రాదో మనకు తెలియదు. నీకు వచ్చు. ఆ మాట చెప్పు."

"కుట్టు పోదు బాబూ."

శుక్రవారం ఆట లేదు. తెల్లవారగానే అసిరయ్య తన గుడిసె ముందు గోనె పరుచుకుని కూర్చున్నాడు. నార దారాన్ని మూడు పోగులు చేసి తొడ మీద పేనాడు. మైనపుముద్ద మీద రుద్దాడు. దారపు రెండు కొసలకూ పంది వెంట్రుకలు కలిపి పేనాడు. సూది పోని చోటికి అవి పోతాయి. ఆరెతో రంధ్రం పొడిచి, అదే రంధ్రంలో ఒక కొసను ఇటునుంచి, ఒక కొసను అటునుంచి దూర్చి, రెండు చేతులూ బార చాపి లాగాడు. ఒక కొస తెగినా రెండవది ఆపుతుంది. లాగేటప్పుడు తొనల అంచులు రెండూ ఒకటిగా అదిమి పట్టడానికి ఇంకో మనిషి కావాలి. ఆ పని అతని భార్య గున్నమ్మది.

"ఈ బంతిని అదిమి పట్టుకున్నట్టు ఏనాడైనా నా సెయ్యి పట్టుకున్నావేటి?" అంది ఆమె, మోకాళ్ల మధ్య బంతిని బిగిస్తూ.

"నీకు గాలి కొట్టక్కర్నేదు గదే."

"నాకు గాలే దక్కతన్నాది, తిండి కాదు" అని గున్నమ్మ మూతి తిప్పింది గాని, పట్టు మాత్రం సడలించలేదు.

మధ్యాహ్నం రంగనాథంగారు ఒక టేకు పలకనూ, అంగుళాల గీతలు గీసిన పొడుగాటి కర్రనూ తీసుకుని చెట్టు కిందికి వచ్చారు. పలకను నేలమీద సమంగా పరిచి, కర్రను దాని పక్కన నిలబెట్టారు. ఆరడుగుల ఎత్తు నుంచి వదిలిన బంతి నాలుగడుగుల పైకి లేవాలి, నాలుగున్నర దాటకూడదు. ఆటకు అది శాస్త్రం.

"ఎంత లేస్తుందోయ్?" అని ఆయన ముందుగానే అడిగారు. ఇది వారిద్దరి మధ్య పాత ఆట.

అసిరయ్య బంతిని మీటి విన్నాడు. "నాలుగు మీద రెండంగుళాలు బాబూ."

బంతి వదిలారు. నాలుగు మీద రెండు. మళ్లీ వదిలారు. నాలుగు మీద రెండుకు గింజంత ఎక్కువ. రంగనాథంగారు కర్రను చూసి, మనిషిని చూసి, "నీ చెవిని ప్రయోగశాలలో పెట్టాలి" అన్నారు.

అంతలో జట్టు నాయకుడు నగరేశ్వరరావు సైకిలు దిగాడు. గంటస్తంభం దగ్గర బట్టల కొట్టువారి అబ్బాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఎక్కడినుంచి వేసినా బుట్టలో పడేటట్లు వేయగలడని పేరు.

"సార్, ఈ రాత్రికి బంతి మా ఇంట్లో ఉంచుతానండి. మా నాయనమ్మ పూజలో పెడతానంది. రెండేళ్ల కిందట అలాగే పెట్టాం, గెలిచాం."

"కిందటేడు పెట్టలేదూ?"

"పెట్టామండి."

"ఏమైంది?"

నగరేశ్వరరావు సైకిలు గంటను సవరించాడు. "ఓడిపోయామండి."

"మరి ఆ ఏడాదిని మీ నాయనమ్మగారు ఏ ఖాతాలో వేశారోయ్? సరే, రాజమండ్రిలోనూ నాయనమ్మలు ఉంటారు కదా. వాళ్లూ దీపం పెడితే దేవుడు బంతిని ఏ బుట్టలో వేస్తాడు?" అని ఆయన నవ్వారు. తరువాత ఒక్క క్షణం ఆలోచించి బంతిని కుర్రాడి చేతికి ఇచ్చారు. "తీసుకుపో. దణ్ణం పెట్టినంత మాత్రాన బంతికి వచ్చే నష్టమేమీ లేదు."

జీవితంలో ఆయన అనుమానించిన నమ్మకాలు చాలా ఉన్నాయి. ఈ ఒక్కసారి అనుమానించడం మానేశారు.

అసిరయ్య లేచి నిలబడ్డాడు. "బాబూ, తోలు పాతది, మైనం పచ్చిగా ఉన్నాది. నీళ్లు మాత్రం తగలనియ్యకండి."

"సరేలే" అంటూ నగరేశ్వరరావు సైకిలెక్కాడు.

శనివారం మధ్యాహ్నానికే రోడ్డు నిండిపోయింది. తోటపాలెం నుంచి, కంటోన్మెంటు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా జనం వచ్చారు. గోడకు ఇవతల నిద్రగన్నేరు కొమ్మల మీదకు నలుగురు ఎక్కారు. ఆకులూ దుమ్మూ అసిరయ్య నెత్తిన రాలుతున్నాయి. ఆట మొదలయ్యే ముందు బంతిని ఒకసారి చూడాలని అతడు పొద్దున్నుంచి కాచుకుని ఉన్నాడు. రాయి మీదికి బంతి రాలేదు.

విజిలు మోగింది. మొదటి చప్పుడు వినపడింది.

అసిరయ్య చేతిలో ఆరె ఆగిపోయింది. రెండవ చప్పుడు, మూడవ చప్పుడు. గాలి తగ్గిన చప్పుడు అతనికి తెలుసు. అది మెత్తగా ఉంటుంది. ఇది మెత్తన కాదు, బరువు. తడి గోనె నేలను కొట్టినట్లుంది.

"సోములు బాబూ! బంతి తడిసినాది!"

గోడ పైన ఎర్ర తువ్వాలు ఇటు తిరిగింది. "వాన నేదు, మంచు నేదు. ఎలగ తడుస్తాదిరా? నీకు సెవుల్లో నీరు దిగినాదేమో సూసుకో."

"నా మాటినండి. పైన ఎండినాది, లోపల తడున్నాది. రంగనాథం మేష్టారికి సెప్పండి, గాలి తగ్గించి ఆడితే ఆగుతాది."

మొదటి సగం అయ్యేసరికి రాజమండ్రి పన్నెండు, విజయనగరం పదకొండు. ఆ విరామంలో సోములు గుట్ట దిగి వెళ్లాడు. వచ్చేటప్పుడు అతని మొహంలో నవ్వు లేదు.

"సెప్పేను. మేష్టారు నగరేశ్వర్రావుబాబుని అడిగేరు. మేం తడపనేదన్నాడు. పైగా ఏటన్నాడో ఎరికా? తన కుట్టు మీద తనకే నమ్మకం నేక అసిరయ్య ముందే సాకు ఎతుక్కుంటన్నాడేమో అన్నాడు. పక్కనే పిన్సిపాలుగారు నిలబడి ఉన్నారు. ఇనీసేరు."

అసిరయ్య బూటును కింద పెట్టి, ఆరె, మైనం, దారపు ఉండ, సొల్యూషను డబ్బా, ట్యూబు ముక్కలు ఒక్కొక్కటే తీసి గుడ్డసంచిలో వేసుకున్నాడు. సంచి మూతి బిగించి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిలుపు వస్తుందని అతనికి తెలుసు. ఎటువంటి పిలుపో అదీ తెలుసు.

రెండవ సగంలో జనం గొంతులు గోడను ఊపేశాయి. చెట్టు మీదివాళ్లు రాజమండ్రి లెక్క ముందు, తమది తరువాత చెబుతున్నారు: పదిహేడు-పదిహేడు; పంతొమ్మిది-పదిహేడు; ఇరవై-ఇరవైయొకటి. అసిరయ్య వింటున్నది అది కాదు. చప్పుడులో ఒక చిన్న చరచర చేరింది. తోలు గుటకలు వేస్తున్నట్లుంది. ఇరవైరెండు, ఇరవైయొకటి అన్న కేక వెనుకనే ఠప్పుమని ఒక మోత, దాని వెంట పాము బుస వంటి ఊపిరి. ఆ తరువాత ఏమీ లేదు.

ముందుగా ఎవరో అన్నారు: "కుట్టూడింది!" తరువాత అందరూ అన్నారు. "చెప్పులు కుట్టేవాడి చేత బంతులు కుట్టిస్తే ఇంతే." "చెప్పానా, రంగనాథంగారూ?" అన్నది ప్రిన్సిపాలుగారి గొంతు, గోడ ఇవతలికి కూడా వినపడింది. ఇంకా అయిదు నిమిషాల ఆట మిగిలి ఉంది. రాజమండ్రివారికి సాయంత్రం మెయిలు రైలు ఉంది. ఎండ అప్పటికే చెట్ల తలలు దిగింది.

"ఒరే అసిరయ్యా!" సోములు గోడ మీదికి దాదాపు ఎగబాకాడు. "మేష్టారు పిలస్తన్నారు. రా!"

అసిరయ్య అలవాటుగా పలకరాయి వైపు చెయ్యి చాపాడు.

"బంతి కాదురా, నువ్వు! గేటులోంచి రా!"

తాడు కట్టిన హద్దు దగ్గర జనం దారి ఇచ్చారు. అది మర్యాదో, దూరం జరగడమో చెప్పడం కష్టం. రెండింటికీ పాయ ఒకేలాగ విడుతుంది. రంగనాథంగారు బంతిని అతని చేతికిచ్చారు. "ఎంతసేపు?"

అసిరయ్య చుట్టూ చూశాడు. హద్దుల వెంబడి నీడ పరుచుకుంది. రెండు భవనాల సందులోంచి వచ్చే ఎండ మైదానం నడిబొడ్డున, సున్నంతో గీసిన గుండ్రటి గీత లోపల మాత్రమే పడుతోంది.

"ఎల్తురు అక్కడున్నాది బాబూ" అన్నాడు.

"అయితే అక్కడే కూర్చో."

అతడు ఆ గుండ్రంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. రెండువేల మంది చూస్తున్నారు. రంపెతో బిగింపుతాడు కోసి చీలిక తెరిచాడు. బ్లాడరును బయటికి తీసి, చిరుగు చుట్టూ గరుకుకాగితంతో రుద్ది, సొల్యూషను పూసి ఆరడానికి మోకాలి మీద వేసుకున్నాడు. తరువాత ఊడిన కుట్టులోంచి దారాన్ని లాగాడు. అది పొడుగ్గా, తెగకుండా, ఒకే ముక్కగా వచ్చింది. దానిని రంగనాథంగారి వైపు ఎత్తి పట్టాడు.

"దారం తెగనేదు బాబూ, సూడండి. తోలు సిరిగినాది. తడిసిన తోలు సాగుతాది. ఎండలో పెడితే పెళుసెక్కుతాది. అప్పుడు దారం కత్తిలాగ కోసీగలదు."

రంగనాథంగారు వంగి రంధ్రాలు చూశారు. ఒక్కొక్కటీ అంచు దాకా చీలి ఉంది. చీలికల లోపల, మైనం పట్టని చోట, పచ్చటి మరక. ఆయన వేలితో రుద్ది వాసన చూశారు. పసుపు. ఆయన తల ఎత్తి చూసినది దేవుడి వైపు కాదు, నగరేశ్వరరావు వైపు.

"అంచులు అదిమి పట్టడానికి ఒక మనిషి కావాల" అన్నాడు అసిరయ్య. "గున్నమ్మ నేదు."

సోములు తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటికి సున్నం అంటుకుని ఉందన్న సంగతి అప్పుడే గుర్తుకు వచ్చింది. రాజమండ్రి కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నగరేశ్వరరావు వచ్చి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. బంతికి అటూ ఇటూ చేతులు వేశాడు.

"ఇంకా గట్టిగా బాబూ. ఏళ్లు దగ్గరికి. నా ఏళ్లు తగిలితే పర్వానేదా?"

నగరేశ్వరరావు వేళ్లు దగ్గరికి జరిపాడు. ఆరె గింజంత లోపలికి, చిరగని తోలులో, రంధ్రం పొడిచింది. వెంట్రుక కొసలు ఎదురెదురుగా దూరాయి. అసిరయ్య చేతులు బార చాపి లాగిన ప్రతిసారీ అతని పిడికిలి కుర్రాడి మణికట్టును రాసుకుపోతోంది.

"రాత్రి..." అన్నాడు నగరేశ్వరరావు, తల ఎత్తకుండా. "పసుపునీళ్లు..."

"తెలిసినాది బాబూ. ఎందుకు పోసేరో కూడా తెలిసినాది. కదలకండి, కుట్టు వంకరపోతాది."

ఎండ గుండ్రటి గీతలో సగానికి జరిగింది. రెఫరీ రెండుసార్లు గడియారం చూశాడు. జనంలో మొదట వెక్కిరింతలు వినిపించాయి, తరువాత గుసగుసలు, తరువాత అవీ లేవు. దారం మైనపు తోలులోంచి దూసుకుపోతున్న కిర్రుమన్న చప్పుడు మొదటి వరుసవారికి వినపడింది. ముక్క అతికించి, బ్లాడరు లోపలికి దూర్చి, తాడు బిగించాక సోములు పంపు కొట్టాడు.

రంగనాథంగారు పలక పరిచి కర్ర నిలబెట్టారు. "ఎంత లేస్తుంది?"

అసిరయ్య బంతిని చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నాలుగుకి ఒకంగుళం తక్కువ బాబూ. తడి బరువు."

"చాల్లెండి సార్, ఆడించెయ్యండి!" అని ఎవరో అరిచారు. ఆయన బంతిని వదిలారు. నాలుగడుగులకు అంగుళం తక్కువ లేచింది.

"నియమం నియమమే" అన్నాడు రెఫరీ.

"ఇంకో పది కొట్టండి సోములు బాబూ" అన్నాడు అసిరయ్య.

రంగనాథంగారు అతని మొహంలోకి చూశారు. ఇంకా గాలి ఎక్కిస్తే పాత తోలు మీద ఎంత భారం పడుతుందో ఇద్దరికీ తెలుసు. "ఆగుతుందా?"

"తోలు సంగతి సెప్పనేను. కుట్టు ఆగుతాది."

పది కొట్టారు. బంతి పలక మీద పడి లేచింది. నాలుగు మీద ఒకటి. జనం అరిచారు; బుట్టలో బంతి పడినప్పుడు కూడా అంతగా అరవలేదు. అసిరయ్య సంచి సర్దుకుని గేటు వైపు తిరిగాడు.

"ఎక్కడికి?" అన్నాడు రెఫరీ. "మళ్లీ ఊడితే మిమ్మల్ని ఎక్కడ వెతకను? ఆట అయ్యేదాకా ఇక్కడే ఉండండి."

అతడు లెక్క రాసే బల్ల పక్కన, తాడుకు లోపల, నేలమీద కూర్చున్నాడు. ఆట మొదలైంది. కుర్రాళ్ల కాళ్లు, సున్నపు గీతలు, గాలిలో దుమ్ము. రాజమండ్రివారు ఒక బుట్ట వేశారు, ఇరవైనాలుగు, ఇరవైయొకటి. నగరేశ్వరరావు ఒకటి వేశాడు, ఇరవైనాలుగు, ఇరవైమూడు. అప్పుడు ఆ ఖాళీ వచ్చింది. నేల చప్పుడు లేదు, చెక్క మోత లేదు. ఎవరూ కింద పడలేదు. ఎవరికీ దెబ్బ తగలలేదు. నగరేశ్వరరావు చేతులు ఇంకా పైకెత్తే ఉన్నాయి. బంతి గాలిలో ఉంది. ఎనిమిది తొనలూ నెమ్మదిగా తిరుగుతూ, చివరి ఎండను పట్టుకుని, అంత ఎత్తున వెళుతోంది. ఇదా, అనుకున్నాడు అసిరయ్య. పదకొండేళ్లుగా గోడ అవతల విన్నది ఇదా.

బంతి ఇనుప చట్రాన్ని తాకి, దాని మీద ఒక చుట్టు తిరిగి, బయటికి పడింది. విజిలు మోగింది.

ఓడిన జనానికి కారణం కావాలి. "బంతి బరువెక్కింది. ఆ కుట్టు వల్లనే" అన్నారు ఎవరో. నగరేశ్వరరావు నేలమీది బంతిని తీసుకుని వచ్చాడు. "బంతి బాగానే ఉంది. తప్పింది నా చెయ్యి" అన్నాడు. అతని గొంతు పెద్దది కాదు గాని, బల్ల దగ్గరివారందరూ విన్నారు.

"అయినా రంగనాథంగారూ" అన్నారు ప్రిన్సిపాలుగారు, "ఆ ఉత్తరం ఈ రాత్రే..."

"సార్, బంతి మా ఇంట్లో తడిసిందండి" అన్నాడు నగరేశ్వరరావు. "విరామంలో అబద్ధం చెప్పాను. శుద్ధి చేస్తే గాని దేవుడి గదిలోకి రానివ్వమన్నారు. రెండు చెంబుల పసుపునీళ్లు పోశారు. పొద్దున్నే డాబా మీద ఎండలో పెట్టాం."

"శుద్ధి ఎందుకోయ్?" అని ప్రిన్సిపాలుగారు అడిగేశారు. జవాబు మూడడుగుల దూరంలో, నేలమీద, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఉత్తరం ప్రసక్తి ఆయన మళ్లీ ఎత్తలేదు. రంగనాథంగారు కలం తీసి ఆటల పుస్తకంలో ఆ రోజు పేజీ అడుగున రాశారు: తోలు చిరిగినది. కుట్టు తెగలేదు. కారణము నీరు. రాసి, సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే ఉంచారు. నగరేశ్వరరావు బంతిని బల్ల మీద పెట్టి, సైకిలు దగ్గరికి నడిచాడు.

రాజమండ్రి జట్టు కప్పును తువ్వాలులో చుట్టుకుని స్టేషనుకు పరుగెత్తింది. జనం పలచబడ్డారు. సోములు తాళ్లు విప్పి, వలలు దించి, బల్ల మీది బంతిని తీసుకున్నాడు.

"అసిరయ్యా, ఇది ఆరబెట్టాల గదా? పట్టుకుపో."

"ఔను బాబూ."

ఇద్దరూ కలిసి పడమటి వైపు నడిచారు. సోములు ఆట గురించి మాట్లాడుతూనే ఉన్నాడు: ఆ ఆఖరు బంతి గింజంత ఇటు పడుంటే, ఆ రాజమండ్రి పొడుగోడు అడ్డు రాకపోయుంటే. మాట్లాడుతూ ఇటుకల గుట్ట ఎక్కాడు. బంతిని గోడ మీది పలకరాయిపై పెట్టాడు. "ఒరే అసిరయ్యా!" అని రోడ్డు వైపు కేక వేశాడు.

రోడ్డు మీద ఎవరూ లేరు. పెట్టె ఉంది, చెట్టు ఉంది. అసిరయ్య అతని వెనుక, గుట్ట కింద, గోడకు లోపల నిలబడి ఉన్నాడు.

సోములు వెనుదిరిగి చూశాడు. సోములు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. రాయి మీది బంతి వైపు చెయ్యి కొంత చాపి, మళ్లీ దించుకున్నాడు. "అలవాటురా" అన్నాడు చివరికి.

"ఉండనియ్యండి బాబూ, అటెల్లి తీసుకుంటాను" అన్నాడు అసిరయ్య.

అతడు మైదానం దాటి, గేటులోంచి బయటికి వచ్చి, గోడ చుట్టూ తిరిగి నిద్రగన్నేరు చెట్టు కిందికి చేరాడు. చెయ్యి చాపి బంతిని దించుకుని, కొత్త కుట్టు మీద బొటనవేలు పోనిచ్చాడు. కుట్టు నిలిచి ఉంది. తోలు ఇంకా చల్లగా ఉంది. గోడ పైన ఎర్ర తువ్వాలు ఇంకా కదలకుండా ఉంది.

"రేపు ఎండలో పెడతావేటి?" అని అడిగాడు సోములు.

"ఎండలో ఎయ్యకూడదు బాబూ" అన్నాడు అసిరయ్య. "తొందర పెడితే మళ్లీ సిరుగుతాది. నీడన, నెమ్మదిగా ఆరాల."